ఇంజిన్ పోయిన కారు: కొనాలా, వదిలేయాలా?

“సింగిల్ ఓనర్, టైర్లు కొత్తవి, లోపల అద్దంలా ఉంది. ఇంజిన్ పని ఒక్కటే ఉంది. అందుకే లక్షన్నర తగ్గించి ఇస్తున్నాం.” సెకండ్ హ్యాండ్ కారు కోసం నాలుగు చోట్ల అడిగినవాళ్లకు ఈ మాట ఎక్కడో ఒకచోట వినిపిస్తుంది. అమీర్‌పేటలో అద్దెకుంటూ మొదటి కారు కోసం డబ్బు కూడబెట్టుకున్న ఉద్యోగికైనా, పంజగుట్టలో పాత కారు అమ్మేసి కాస్త పెద్దది కొందామనుకునే కుటుంబానికైనా ఆశ పుడుతుంది. తెలిసిన మెకానిక్‌ని అడిగితే “ఏముంది సార్, వేరే ఇంజిన్ ఎక్కిస్తే పదేళ్లు తిరుగుతుంది” అంటాడు. కారు ధర, ఇంజిన్ ధర కలిపి చూసినా మార్కెట్ ధర దాటదు. ఇక ఆలోచించేదేముంది అనిపిస్తుంది.

ఆలోచించాల్సింది ఒకటుంది. అంత తేలిగ్గా వచ్చే లాభమైతే, అమ్మేవాడే ఇంజిన్ వేయించి పూర్తి ధరకు ఎందుకు అమ్ముకోలేదు? కార్ల వ్యాపారికి మీకంటే చౌకగా పనిచేసే మెకానిక్ ఉంటాడు, విడిభాగాలు మీకంటే తక్కువకు దొరుకుతాయి. అతనికే గిట్టుబాటు కానిది మీకెలా అవుతుంది? ఈ ప్రశ్నకు నమ్మదగిన జవాబు దొరికిన బండినే కొనాలి. అమ్మేవాళ్లు విదేశాలకు వెళ్లిపోతున్నారు, చేతిలో డబ్బు లేదు, అపార్ట్‌మెంట్‌లో చెడిపోయిన బండిని పెట్టుకోనివ్వడం లేదు: ఇలాంటివి నమ్మదగిన జవాబులు. జవాబు దొరక్కపోతే, ఇంజిన్ కాక ఇంకేదో ఉందని అర్థం చేసుకోవాలి.

ఇంజిన్ ఎలా పోయింది?

“ఇంజిన్ పోయింది” అన్న మాట వెనక కనీసం నాలుగు కథలుంటాయి. ఏ కథో తెలియకుండా ధర మాట్లాడకూడదు. పోతూ పోతూ ఇంజిన్ ఇంకా వేటిని పాడుచేసిందన్నది దాన్నిబట్టే ఉంటుంది.

మొదటిది వేడెక్కడం. రేడియేటర్ కారడం, వాటర్ పంపు పాడవడం, ఫ్యాన్ తిరగకపోవడం, ఏదో ఒకటి జరుగుతుంది. ఎండాకాలం ట్రాఫిక్‌లో ముల్లు ఎర్ర గీత దాటినా ఇంటికి చేరేదాకా నడిపేస్తారు. హెడ్ గాస్కెట్ కాలిపోతుంది, అల్యూమినియం హెడ్ వంకర తిరుగుతుంది. తొందరగా ఆపి ఉంటే హెడ్‌ని లేత్‌కి ఇచ్చి చదును చేయించుకుంటే సరిపోవచ్చు. అసలు కారణమైన రేడియేటర్‌ని, పంపుని వదిలేసి ఇంజిన్ మాత్రం మార్చితే కొత్తదీ అదే దారి పడుతుంది.

రెండోది ఆయిల్ లేకపోవడం. సర్వీసు మానేసినా, కింద రాయి తగిలి ఆయిల్ సంపు పగిలినా బేరింగులు అరిగి క్రాంక్ పట్టేస్తుంది. మెకానిక్‌లు “సీజ్ అయింది” అనేది దీన్నే. టర్బో ఉన్న బండిలో టర్బోకి అందేది కూడా ఆ ఆయిలే కాబట్టి అది కూడా దెబ్బతిని ఉండొచ్చు. అరిగిన లోహపు పొడి ఆయిల్ కూలర్‌లో, గొట్టాల్లో మిగిలిపోతుంది. వాటిని కడగకుండా బిగిస్తే ఆ పొడి కొత్త ఇంజిన్‌లోకి చేరుతుంది.

మూడోది టైమింగ్ బెల్టు గానీ చైను గానీ తెగడం. చాలా ఇంజిన్లలో వాల్వులు, పిస్టన్లు ఒకే చోటులో వంతులవారీగా కదులుతుంటాయి. బెల్టు తెగగానే ఆ వంతు తప్పి రెండూ గుద్దుకుంటాయి. వినడానికి ఘోరంగా ఉన్నా, కొనేవాళ్లకు నాలుగింటిలో ఇదే మెరుగు. అప్పటిదాకా బాగా నడుస్తున్న బండి ఒక్క క్షణంలో ఆగింది కాబట్టి మిగతా భాగాలు సాధారణంగా బాగానే ఉంటాయి.

నాలుగోది నీళ్లు. గట్టివాన పడితే మైత్రీవనం కూడలి దగ్గర నీళ్లు నిలవడం అమీర్‌పేటవాళ్లకు కొత్త కాదు. గాలి పీల్చుకునే గొట్టం గుండా నీళ్లు సిలిండర్‌లోకి వెళితే ప్రమాదం. పిస్టన్ గాలిని నొక్కగలదు, నీటిని నొక్కలేదు. పెట్రోల్ ఇంజిన్ గాలిని సుమారు పది పదకొండో వంతుకు నొక్కితే, డీజిల్ ఇంజిన్ పదహారు పదిహేడో వంతుకు నొక్కుతుంది. మధ్యలో నీళ్లు అడ్డుపడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నీళ్లలో ఆగిన బండిని మళ్లీ మళ్లీ స్టార్ట్ చేయడం వల్లే సగం నష్టం జరుగుతుంది. ఇలాంటి నష్టానికి మామూలు ఇన్సూరెన్స్ చాలాసార్లు డబ్బివ్వదు. ‘ఇంజిన్ ప్రొటెక్ట్’ లాంటి అదనపు కవరు తీసుకుని ఉండాలి. అది లేనివాళ్ల బండ్లే “ఇంజిన్ పని ఉంది” అనే మాటతో మార్కెట్‌కి వస్తుంటాయి.

మునిగిన బండిని గుర్తుపట్టడం

ఈ నాలుగో కథ దగ్గర కాస్త ఆగాలి. 2020 అక్టోబర్ 13, 14 తేదీల్లో హైదరాబాద్‌ను ముంచెత్తిన వానకు కాలనీలకు కాలనీలే నీట మునిగాయి, కార్లు కొట్టుకుపోయాయి. 2024 ఆగస్టు చివర, సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉంది. అలా మునిగిన బండ్లన్నీ తుక్కుకు వెళ్లిపోవు. కొన్ని కడిగించుకుని, సీటు కవర్లు మార్చుకుని, ఊరు మారి అమ్మకానికి వస్తాయి.

నంబర్ ప్లేటు చూసి ఊరు చెప్పేయొచ్చనుకుంటే పొరపాటు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి కొత్త బండ్లకు జిల్లా కోడ్‌లు పోయి రాష్ట్రమంతటికీ ఏపీ 39తో మొదలైన ఉమ్మడి వరుస వచ్చింది. కాబట్టి ఆర్‌సీలో చిరునామా చదవాలి, సర్వీసు బిల్లులు ఏ ఊరివో చూడాలి, పాత ఇన్సూరెన్స్ క్లెయిముల వివరం అడగాలి.

బండి కూడా నిజం చెబుతుంది. సీటు బెల్టును చివరిదాకా లాగితే లోపలి భాగంలో బురద చార కనిపించవచ్చు. సీట్ల కింద పట్టాలు, డ్యాష్‌బోర్డు అడుగున స్క్రూలు తుప్పు పట్టి ఉన్నాయేమో చూడండి. డిక్కీలో స్టెప్నీ తీసి దాని గుంటలో చేయి పెట్టి చూడండి. కార్పెట్ ఎత్తి కింది స్పాంజి వాసన చూడండి. మునిగిన బండికి ఇంజిన్ మార్చినా వైరింగ్, కంప్యూటర్ యూనిట్లు, ఎయిర్‌బ్యాగ్ కనెక్షన్లు నెలల తర్వాత ఒక్కొక్కటిగా మొరాయిస్తాయి. సీట్ల ఎత్తుకి నీళ్లెక్కిన బండి ఎంత చౌకగా వచ్చినా వద్దనుకోవడమే మేలు.

నిజంగా మార్చాల్సిందేనా?

కొన్ని షెడ్లలో విప్పి చూడకుండానే “ఇంజిన్ మార్చాలి” అని తేల్చేస్తారు. హెడ్ పనితో పోయేదానికీ పూర్తి ఇంజిన్ చెబుతారు. అటు అమ్మేవాళ్లలో కొందరు పూర్తిగా పోయినదాన్ని “చిన్న పనే” అంటారు. ఎవరి మాటా తీసుకోకుండా, అమ్మేవాడితో సంబంధం లేని మెకానిక్‌ని మీ ఖర్చుతో తీసుకెళ్లండి. ఆ కొద్ది మొత్తానికి వెనకాడకండి.

అతను చేయాల్సిన పరీక్షలు ఇవి. ముందు స్టార్ట్ చేయకూడదు. డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడాలి. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే కూలెంట్ కలిసినట్టు. క్రాంక్ పుల్లీకి స్పానర్ పెట్టి చేత్తో తిప్పి చూడాలి. తిరగకపోతే పట్టేసినట్టే. తిరిగితే ప్లగ్గులు తీసి, డీజిల్‌ది అయితే ఇంజెక్టర్లో గ్లో ప్లగ్గులో తీసి, ఒక్కో సిలిండర్‌కీ కంప్రెషన్ కొలవాలి. అంకె ఎంత వచ్చిందన్నది ఎంత ముఖ్యమో, సిలిండర్‌కీ సిలిండర్‌కీ తేడా ఎంతన్నదీ అంతే ముఖ్యం. మూడు బాగుండి ఒకటే బాగా పడిపోతే లోపం ఒక్కచోటే ఉందని ఆశపడొచ్చు. సన్నటి కెమెరాను సిలిండర్‌లోకి దించితే గోడల మీద గీతలున్నదీ లేనిదీ తెలుస్తుంది. ఆయిల్ ఫిల్టర్ కోసి చూస్తే లోహపు పొడి కనిపిస్తుంది. స్కానర్ పెడితే కంప్యూటర్‌లో మిగిలిన పాత కోడ్‌లు బయటికొస్తాయి.

ఈ పరీక్షలకు అమ్మేవాడు ఒప్పుకోకపోతే ఇక ఆ బండి గురించి ఆలోచించనక్కర్లేదు.

మూడు దారులు

ఇంజిన్ పని తప్పదని తేలితే ముందున్నవి మూడు దారులు.

ఒకటి, ఉన్న ఇంజిన్‌నే దింపి బాగుచేయించడం. సిలిండర్ల బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్, కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు, వాల్వుల పని. విజయవాడ ఆటోనగర్ దశాబ్దాలుగా ఇలాంటి పనికి పేరు మోసింది. హైదరాబాద్‌లోనూ మంచి లేత్ షాపులున్నాయి, విడిభాగాలకు రాణీగంజ్ ఉంది. పని చేతి నైపుణ్యం మీద ఆధారపడుతుంది కాబట్టి, రెండు మూడేళ్ల కింద అదే చేతిలో పని చేయించుకున్న బండ్ల యజమానులతో మాట్లాడాకే అప్పగించండి.

రెండోది, కంపెనీ నుంచి కొత్త హాఫ్ ఇంజిన్ తెప్పించడం. బ్లాక్, క్రాంక్, పిస్టన్లు కలిపి వస్తాయి. నమ్మకమైన దారి, ఖరీదైన దారి కూడా. పాతబడిన బండిలో చాలాసార్లు దీని బిల్లు బండి విలువకు దగ్గరగా పోతుంది.

మూడోది, తుక్కుకు వెళ్లిన బండి నుంచి తీసిన సెకండ్ హ్యాండ్ ఇంజిన్. చెన్నై పుదుపేట, ఢిల్లీ మాయాపురి లాంటి మార్కెట్ల నుంచి కూడా ఇవి తెప్పిస్తారు. ధర తక్కువ. అయితే ఆ ఇంజిన్ ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చెప్పే మీటరు దాంతో రాదు. బిగించే ముందే కంప్రెషన్ చూడాలి, ఆయిల్ సీళ్లు, టైమింగ్ కిట్, వాటర్ పంపు కొత్తవి వేయించాలి. ఇంజిన్ కింద ఉన్నప్పుడే క్లచ్ కూడా మార్చేస్తే మళ్లీ అదే కూలి ఇవ్వక్కర్లేదు.

ఏ దారి ఎంత తేలికన్నది మోడల్‌ని బట్టి ఉంటుంది. ఫియట్ 1,248 సీసీ మల్టీజెట్ డీజిల్ ఇంజిన్ మన దేశంలో స్విఫ్ట్, డిజైర్, ఇండికా విస్టా, పుంటో, లీనియా లాంటి ఎన్నో కార్లలో వచ్చింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 నిబంధనలు వచ్చేసరికి అది ఆగిపోయినా, దాని భాగాలు, అది తెలిసిన చేతులు ఊరూరా ఉన్నాయి. అయినా అన్నీ ఒకటి కావు. 75 హార్స్‌పవర్‌దీ 90 హార్స్‌పవర్‌దీ టర్బోలు వేరు, కంపెనీని బట్టి కంప్యూటర్ సెట్టింగులు వేరు. ఇటు షెవ్రొలే 2017 చివర్లో ఇక్కడ అమ్మకాలు ఆపేసింది, ఫోర్డ్ 2021లో తయారీ మానేస్తున్నట్టు ప్రకటించింది. వీటి బండ్లు చౌకగా కనిపించడానికి అదీ ఒక కారణం. బేరానికి ముందే, కావలసిన ఇంజిన్ ఎక్కడ దొరుకుతుందో, ఎంతకో కనీసం ఇద్దరు వ్యాపారుల దగ్గర కనుక్కోండి.

కాగితాల్లో ఇంజిన్

మన ఆర్‌సీలో ఛాసిస్ నంబరుతో పాటు ఇంజిన్ నంబరు కూడా ఉంటుంది. ఆ నంబరు చెక్కి ఉండేది బ్లాక్ మీద. అందువల్ల హెడ్ మారినా, పిస్టన్లు మారినా కాగితం మారదు. బ్లాక్ మారితే మారుతుంది. మొదటి దారికున్న పెద్ద సౌలభ్యం ఇదే, ఇంజిన్ పాతదే కాబట్టి ఆర్‌సీ జోలికి పోనక్కర్లేదు.

ఇంజిన్ మార్చాలంటే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్టరింగ్ అథారిటీ ఆమోదం ఉండాలి. మార్పు చేశాక 14 రోజుల్లో తెలియజేసి ఆర్‌సీలో నమోదు చేయించుకోవాలి. అదే కంపెనీ, అదే రకం ఇంజిన్‌కే వెళ్లండి. ఒకే డిజైన్ అయినా టాటా బండి ఇంజిన్ మారుతీలో పెడితే కాగితం దగ్గర చిక్కు తప్పదు. అనుమతి లేని మార్పుకు 2019 సవరణలో వచ్చిన 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. అంతకంటే దగ్గరి ప్రమాదం ఇన్సూరెన్స్‌ది. పాలసీలోని ఇంజిన్ నంబరు, బండిలోని నంబరు వేరైతే క్లెయిము రోజున వాదన మొదలవుతుంది.

సెకండ్ హ్యాండ్ ఇంజిన్ కొంటే దాని నంబరు రాసిన బిల్లు, అది ఏ బండిదో చెప్పే ఆధారం తీసుకోండి. నంబరు అరగదీసి ఉంటే ముట్టుకోవద్దు. దొంగ బండిదేమో చూసుకోవడానికి జాతీయ నేర రికార్డుల బ్యూరో ‘వాహన్ సమన్వయ్’ సేవ ఉంది.

పని ఏ వరసలో జరగాలన్నదీ ముఖ్యమే. ముందు బండి మీ పేరు మీదికి రావాలి, తర్వాత ఇంజిన్ మారాలి. ఎందుకంటే అనుమతి అడగాల్సింది ఆర్‌సీలో ఉన్న యజమాని. బదిలీకి ఫారం 29, 30, లోను ఉండి ఉంటే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ కావాలి. అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో తెలియజేయాలని చట్టం. అమీర్‌పేట, పంజగుట్ట వాళ్లకు ఖైరతాబాద్ ఆర్‌టీఏ ఆఫీసు మెట్రోలో నాలుగడుగుల దూరమే కాబట్టి, డబ్బు చేతులు మారకముందే వెళ్లి కనుక్కోవచ్చు. పెండింగ్ ఈ-చలాన్లు కూడా అప్పుడే చూసుకోండి.

వేరే రాష్ట్రం బండి అయితే ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ లెక్కలో కలపాలి. ఢిల్లీ ప్రాంతంలో డీజిల్ బండ్లకు పదేళ్లు, పెట్రోల్ బండ్లకు పదిహేనేళ్లు అన్న నిబంధన వల్ల అక్కడి కార్లు చౌకగా దక్షిణానికి వస్తూ వచ్చాయి. ఆ చౌకలో కొంత ఈ పన్నుకే పోతుంది. బండి వయసూ చూడాలి. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు, ఆపైన ఫిట్‌నెస్ చూసి ఐదేళ్లకోసారి పొడిగిస్తారు. పదమూడేళ్ల బండికి లక్షల ఇంజిన్ వేయించేవాళ్లు ఈ గడువును మరిచిపోతుంటారు.

లెక్క ఇలా వేయాలి

అంకెలు ఊహించినవి, పద్ధతి మాత్రం ఏ బండికైనా పనికొస్తుంది. మీరు చూసిన మోడల్, అదే ఏడాదిది, బాగా నడిచేది, మార్కెట్‌లో 4,00,000 రూపాయలు పలుకుతోందనుకుందాం. ఇంజిన్, కూలి, క్లచ్, ఆయిళ్లు కలిపి 1,20,000. విప్పాక బయటపడే వాటికి నాలుగో వంతు, అంటే 30,000 విడిగా పెట్టుకోవాలి. నెలల తరబడి కదలని బండికి బ్యాటరీ, టైర్లు, బ్రేకులు 25,000. టోయింగ్, కాగితాలు, ఇన్సూరెన్స్ 15,000. మొత్తం 1,90,000.

ఇక్కడితో ఆగేవాళ్లు 2,10,000కు కొనొచ్చనుకుంటారు. ఇంకొకటి మిగిలే ఉంది. ఇంజిన్ మారిన కారును రేపు మీరు అమ్మబోతే, ఈరోజు మీరడిగే ప్రశ్నలే కొనేవాళ్లు మిమ్మల్ని అడుగుతారు. దానికి 40,000 తగ్గుతుందనుకుంటే మీ గరిష్ఠ ధర 1,70,000. మీ తిరుగుడుకీ, ఏదైనా తేడా వస్తే పడే భారానికీ 20,000 తీస్తే 1,50,000. అమ్మేవాడు 2,60,000 అడుగుతుంటే, ఒప్పుకున్న రోజునే మీరు 4,50,000 పెట్టి 3,60,000 విలువైన బండి కొన్నట్టు.

మార్కెట్ ధర తాజాదేనా అన్నది కూడా చూడాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. కొత్త కారు ధర తగ్గినప్పుడు పాత కారు ధర కూడా దిగాలి. అంతకుముందు ధరను చూపించి “లక్షన్నర తగ్గించాం” అంటే ఆ తగ్గింపులో కొంత ఉత్తదే. విడిభాగాల మీద పన్ను కూడా 18 శాతానికే వచ్చింది కాబట్టి పాత కొటేషన్‌తో బేరమాడొద్దు.

బాగుచేయాలా, వదిలేయాలా అన్నదానికి ఇన్సూరెన్స్ కంపెనీలకు ఒక గీత ఉంది. మరమ్మతు ఖర్చు బండి బీమా విలువలో, అంటే ఐడీవీలో, 75 శాతం దాటితే బాగుచేయించకుండా పూర్తి నష్టం కింద లెక్కగడతాయి. వాళ్ల దగ్గర సర్వేయర్లున్నారు, వేల బండ్ల అనుభవముంది. ఒక్క బండి మీద పందెం కాసే మనం గీతను ఇంకా కిందికి దించుకోవాలి. అన్నీ కలిపిన ఖర్చు, బాగా నడిచే అదే బండి ధరలో సగం దాటితే వదిలేయడం మంచిది. పై ఉదాహరణలో అది 47 శాతం పైనే ఉంది, అంచు మీదున్న బేరం.

ఎవరికి పనికొస్తుంది?

ఇలాంటి బండి కొని బాగుపడేవాళ్లు లేకపోలేదు. తెలిసినవాళ్ల బండి, సర్వీసు చరిత్ర చేతిలో ఉంది, పోయిన కారణం తేలింది, నమ్మకమైన మెకానిక్ ఉన్నాడు, కొన్నాక ఆరేడేళ్లు తామే నడుపుతారు, మరమ్మతు జరిగే నెలా రెండు నెలలు కారు లేకపోయినా గడుస్తుంది. ఇవన్నీ కుదిరినవాళ్లకు, మళ్లీ అమ్మేటప్పుడు తగ్గే ధర పెద్దగా బాధించదు. రెండు మెట్రో లైన్లు కలిసే అమీర్‌పేటలో ఉండేవాళ్లకు ఆ ఎదురుచూపు అంత కష్టం కూడా కాదు. లోను మీద కొనేవాళ్లు, రెండేళ్లలో అమ్మేద్దామనుకునేవాళ్లు, రేపటి నుంచే కారు అవసరమున్నవాళ్లు మాత్రం ఆ డబ్బుతో కాస్త చిన్నదైనా నడిచే బండి చూసుకోవాలి.

ఇక బేరానికి కూర్చున్నప్పుడు అమ్మేవాడిని రెండు ధరలు అడగండి. ఉన్నది ఉన్నట్టు ఎంత? ఇంజిన్ మీరే వేయించి, ఆర్‌సీలో ఎక్కించి, ఆరు నెలల హామీ రాసిస్తే ఎంత? “నలభై వేల పని” అన్న మనిషి రెండో ధరకు లక్షన్నర ఎక్కువ చెబితే, ఆ పని అసలు ఖరీదు లక్షన్నర అని అతనే ఒప్పుకున్నట్టు. మొదటి ధరను అక్కడి నుంచి కిందికి దించండి. రెండో ధర చెప్పడానికే ఇష్టపడకపోతే, తన బండి మీద తనకే నమ్మకం లేదు. మీరు పెట్టుకోనక్కర్లేదు.